వీసా పదేళ్లు, గడువు ఆరు నెలలు

చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి మళ్లీ వెళ్లి 108 చేసి, ఆవకాయ డబ్బాలకు నాలుగేసి కవర్లు చుట్టి అమెరికా విమానం ఎక్కిన అమ్మానాన్నలను, మీ పాస్‌పోర్టులో ఏ తారీఖు ముఖ్యమండీ అని అడిగితే చాలామంది వీసా స్టిక్కర్ మీద ఉన్నదే చూపిస్తారు. పదేళ్లు ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఆ పదేళ్లు గుమ్మం దాకా వెళ్లడానికే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో తేల్చేది విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర అధికారి ఇచ్చే గడువు, అంటే ఐ-94. విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లకు అది మామూలుగా ఆరు నెలలు. 2013 నుంచి విమానంలో దిగేవాళ్లకు ఆ కాగితం చేతికివ్వడం మానేశారు, ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. దాంతో పెద్దవాళ్ల కంటికి అసలు తారీఖు ఆనడమే లేదు.

మనం అలవాటుగా వాడే 'వీసా పొడిగింపు' అన్న మాటే తప్పు. అక్కడ ఉండగా వీసాను ఎవరూ పొడిగించరు, బసను పొడిగిస్తారు. ఇదేదో మాటల పట్టింపు కాదు. స్టిక్కర్ మీది ధీమాతో ఐ-94 గడువు దాటి ఒక్కరోజు ఎక్కువ ఉన్నా చట్టం ప్రకారం ఆ పదేళ్ల వీసా రద్దయినట్టే. 180 రోజులకు మించి అలా ఉండి వెనక్కి వస్తే మూడేళ్లు, ఏడాది నిండితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. 1996లో చేసిన చట్టం ఇది, కొత్తదేం కాదు.

బస పెంచుకోవడానికి ఐ-539 అనే దరఖాస్తు ఉంది. గడువు తీరకముందే పెట్టాలి, కనీసం 45 రోజుల ముందు పెట్టుకోమని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ చెబుతోంది. 2024 ఏప్రిల్‌లో మార్చిన ఫీజు ప్రకారం ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాగితం మీద పంపితే 470. ఎందుకు ఉండాలి, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఎప్పుడు తిరిగి వెళ్తారు అన్న మూడింటికీ కాగితాలతో జవాబు చెప్పాలి. మనవడితో ఇంకొన్నాళ్లు గడపాలని ఉంది అని ఒక్క లైను రాసి ఊరుకుంటే నడవదు.

అసలు టెన్షన్ దరఖాస్తు పెట్టాకే మొదలవుతుంది. జవాబు రావడానికి నెలలు పడుతుంది. అడిగిందే ఆరు నెలలు, ఆ ఆరు నెలలూ అయిపోయి, పెద్దవాళ్లు తిరిగొచ్చి తమ ఊళ్లో మామిడికాయలు కొనుక్కుంటున్నప్పుడు కూడా ఫైలు కదలకపోవడం మామూలైపోయింది. రుసుము ముందే తీసుకుని, అడిగిన కాలం గడిచిపోయాక తీర్పు చెప్పే పద్ధతిని ఏమనాలో మాకు తెలియడం లేదు. సకాలంలో పెట్టిన దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంత కాలం అక్రమంగా ఉన్నట్టు లెక్కేయరు, నిజమే. కానీ ఆ ధైర్యంతో రోజులు నెట్టుకొస్తుండగా ఐ-94 గడువు ఎప్పుడో దాటిపోయిందనుకోండి, కాదు అన్న జవాబు వచ్చిన మర్నాటి నుంచి ప్రతి రోజూ లెక్కలో పడుతుంది. అందుకే అడిగిన తారీఖు దగ్గరికొస్తే జవాబు కోసం చూడకుండా టికెట్ తీసుకోవడమే మంచిది. దరఖాస్తు అందినట్టు వాళ్లిచ్చిన రసీదును మాత్రం జాగ్రత్తగా దాచాలి, మళ్లీ వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర పోయినసారి అన్నాళ్లెందుకున్నారు అని అడిగితే చూపించడానికి.

ఇంతకీ ఈ పొడిగింపు ఎవరి అవసరం? ఇక్కడ కాస్త నిష్ఠూరంగా మాట్లాడక తప్పదు. అమెరికా ఫెడరల్ చట్టం బిడ్డను కన్న తల్లికి ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అందరికీ వర్తించదు కూడా. డేకేర్ ఖర్చు సంగతి అక్కడున్న వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ లోటు పూడ్చుతున్నది గుంటూరు, కరీంనగర్ అమ్మమ్మలూ నానమ్మలూ. మొదటి ఆరు నెలలు అమ్మాయి తరఫు వాళ్లు, తర్వాతి ఆరు నెలలు అబ్బాయి తరఫు వాళ్లు, వియ్యంకులు డ్యూటీ మారినట్టు మారతారు. అటువైపు వాళ్లకు వీసా రాలేదనో మోకాలి ఆపరేషన్ పడిందనో తెలిస్తే ఇటువైపు వాళ్లకు పొడిగింపు పెడతారు. శనివారం సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద అల్లుడు ల్యాప్‌టాప్ తెరిచి, మామయ్యగారూ ఇక్కడో సంతకం అంటాడు. ఆయన కళ్లజోడు వెతుక్కుని పెట్టేస్తాడు. అత్తయ్యగారిని అడిగేవాళ్లు తక్కువ. ఆవిడ అప్పటికే లోపల గదిలో, ఆరు నెలలకు లెక్కపెట్టి జిప్ కవర్లలో సర్దుకొచ్చిన బీపీ మాత్రల్లో ఎన్ని మిగిలాయో చూసుకుంటూ ఉంటుంది. మిగతావి ఎవరైనా వస్తుంటే వాళ్లతో పంపించాలి. లేదంటే అక్కడ డాక్టరు దగ్గరికెళ్లాలి, విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావరకు పాత జబ్బులకు పైసా ఇవ్వవు.

పిల్లలు చెడ్డవాళ్లని మేం అనడం లేదు. వాళ్ల ఇబ్బంది వాళ్లది. కాకపోతే ఫారంలో కారణం అని ఉన్న చోట రాసేది పెద్దవాళ్ల పేరుతో కాబట్టి, ఆ కారణం వాళ్లకు తెలిసి ఉండాలి. అధికారి ఎదురుగా నిలబడి జవాబు చెప్పాల్సింది వాళ్లే, అల్లుడు కాదు. కేంద్ర పెన్షనర్లకైతే నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ పని ఒకటుంది, ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే వీలుంది కానీ అది కూడా సంతకం పెట్టకముందే గుర్తు చేయాల్సిన సంగతి.

మహాసభలకు ఇక్కడి నుంచి సినిమావాళ్లను పిలిపించుకునే తెలుగు సంఘాలు అక్కడ చాలానే ఉన్నాయి. ఐ-94 ఎక్కడ చూసుకోవాలి, ఎప్పటిలోగా దరఖాస్తు పెట్టాలి, జవాబు రాకపోతే ఏం చేయాలి, ఈ మూడూ పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక పేజీలో అచ్చేసి, పెద్దవాళ్లకు టికెట్‌తో పాటే పంపించమని సభ్యులకు చెప్పొచ్చు. శంషాబాద్‌లో చెకిన్ అయ్యాక గేటు దగ్గర కూర్చుని చదువుకుంటారు, ఎలాగూ మూడు గంటల ముందే వెళ్తారు.