సెలవొచ్చింది, పిల్లలు పోయాక

బడుల క్యాలెండర్ అంటే నాకు భక్తి. తెలంగాణలో 2025-26దే చూడండి. జూన్ 12న మొదలై ఏప్రిల్ 23 దాకా 230 పనిదినాలు. దసరాకు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు, అంటే ఎంగిలిపూల బతుకమ్మ నుంచి జమ్మి పంచుకున్న మర్నాటి దాకా, 13 రోజులు. ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అతికించి, దాని ప్రకారమే నేనూ మా ఆవిడా ఆఫీసు లీవులు పంచుకున్నాం. పరకాల నుంచి అత్తమ్మ ఏ రోజు బస్సెక్కాలో కూడా అందులోనే రాసుంది. దాన్ని చదవనిది వాన ఒక్కటే.

ఒక రోజు వాన రాత్రి ఎనిమిదికే పట్టుకుంది. రెడ్ అలర్ట్ అంతకుముందే వచ్చింది. పక్కింటి తాత మోకాలు మధ్యాహ్నమే చెప్పింది. మునుపు పొంగి ఇళ్లు ముంచిన మా హన్మకొండ నయీంనగర్ నాలా సంగతి తెలిసినవాళ్లెవరూ కన్ను మూయలేదు. సెలవు ఇవ్వాల్సినవాళ్లు మాత్రం తొందరపడలేదు. పడుతున్నది నిజంగా వానేనా అన్నది తెల్లారాక కదా తేలేది!

తేలింది. పొద్దున 8.05కు సెలవని మెసేజ్ వచ్చింది. 7.20కే మా వాడు ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని వెళ్లిపోయాడు. పేరెంట్స్ గ్రూపులో అప్పటికే జాతర. 'సెలవట కదా?' అని ఒకరు. 'ఆర్డర్ కాపీ పెట్టుండ్రి, గట్లెట్ల నమ్ముతం?' అని ఇంకొకరు. మధ్యలో ఒకాయన గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్. చివరికి కాపీ వచ్చింది, అదేమో పక్క జిల్లాది. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరు ముక్కలు మరి, తలా ఒక ఆర్డర్. మా ఊరి అదృష్టం ఇంకా గొప్పది: ఊరొక్కటే, జిల్లాలు రెండు. వాడి బడి హన్మకొండ జిల్లా, పాప బడి వరంగల్ జిల్లా. అటు వాన పడింది కాబట్టి సెలవు. ఇటు పడిన వానకు ఇంకా సంతకం కాలేదు. ఒకే మబ్బు, ఒకే గొడుగు, ఇద్దరు పిల్లలు! ఒకడిని తీసుకురావడానికి నేను బండి తీస్తుంటే, రెండోదాన్ని దింపడానికి మా ఆవిడ ఆటో పిలుస్తోంది. ఆ రెండో ఆర్డర్ 9.10కి వచ్చింది, పాప ప్రార్థనలో నిలబడ్డాక.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. మాకు బండి ఉంది, ఫోనుంది, లీవు అడిగితే మొహం చిట్లించి అయినా ఇచ్చే ఆఫీసుంది. నాట్లకు పోయిన తల్లికి ఆ మెసేజ్ ఎవరు చదివి చెప్పాలి? రెండు కిలోమీటర్లు తడుచుకుంటూ సర్కారు బడికి వచ్చి, తాళం చూసి, మధ్యాహ్నం అక్కడ దొరికే బువ్వ కూడా లేకుండా వెనక్కి పోయే పిల్లకు ఎవరు సమాధానం చెబుతారు? పోయేటప్పుడు మోకాలి దాకా ఉన్న వాగు వచ్చేటప్పటికి ఎంతుంటుందో ఎవరైనా చూశారా? 2023 జూలై 20న సెలవు కబురు పొద్దున వచ్చేసరికి చాలామంది పిల్లలు బడుల్లో ఉన్నారు. వారం తిరగకుండానే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు నీళ్లలో మునిగింది. అప్పుడైనా బుద్ధి రావద్దా? రాత్రి తొమ్మిదికి ఒక్క ముక్క చెప్పడానికి ఏం అడ్డం? వాన పడకపోతే ఏమవుతుంది, పిల్లలు ఒకరోజు ఇంట్లో ఆడుకుంటారు. అంతే కదా!

సరే, ఆ సెలవుకు బదులు రెండో శనివారం బడి పెట్టారు. ఎండ ఫెళ్లున కాసింది. అత్తమ్మ పరకాల నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం.

ఆ శనివారం బడి ఉందన్న మెసేజ్ మాత్రం నాలుగు రోజుల ముందే వచ్చింది.