సింథ్ పక్కన నాలుగు తీగవాద్యాలు పెడితే సరా?

ఈమధ్య స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగవాద్యాల బృందం) తోడు లేనిదే ఎలక్ట్రానిక్ ఆల్బమ్ రావడం లేదేమో అనిపిస్తోంది. కింద సింథ్ (విద్యుత్తుతో నాదం పుట్టించే వాద్యం) హోరు, పైన వయొలిన్ సాగదీత, కాస్త విషాదం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఛాంబర్ సంగీతం (కొద్దిమంది కలిసి వాయించే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం) నుంచి వీళ్లలో చాలామంది తెచ్చుకున్నది నాదం ఒక్కటే. అసలు సరుకు అక్కడే వదిలేశారు.

క్వార్టెట్‌కి చేతులతో లయ చూపించి నడిపే కండక్టర్ ఉండడు. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన ఒక వియోలా, ఇంకా పెద్దగా మంద్రంగా పలికే ఒక చెల్లో. మొదటి వయొలిన్ వాయించేవారు ఊపిరి పీల్చి కమాను కాస్త ఎత్తితే మిగతా ముగ్గురూ అందుకుంటారు. ఒకరు నెమ్మదిస్తే అందరూ నెమ్మదిస్తారు. మన కచేరీలో గాయకుడి స్వరకల్పనను వయొలిన్ అందుకోవడం లాంటిదే ఇదీ. ఇదే బృందాన్ని లాప్‌టాప్ పక్కన కూర్చోబెడితే చాలాసార్లు చెవిలో క్లిక్ ట్రాక్, అంటే లయ తప్పకుండా కొట్టే టిక్‌టిక్ శబ్దం, పెడతారు. ఇక ఒకరినొకరు వినక్కర్లేదు, ఆ టిక్‌టిక్‌ని వింటే చాలు.

ఈ చిక్కునే బలంగా మార్చుకున్నది అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్. క్రోనోస్ క్వార్టెట్ కోసం 1988లో రాసిన 'డిఫరెంట్ ట్రెయిన్స్'లో టేపు మీద మాటలు వినిపిస్తాయి: ఆయన చిన్ననాటి ఆయా, ఒక రైల్వే పోర్టర్, నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డవాళ్లు. మాటలోని ఎత్తుపల్లాలనే వాద్యాలు పలుకుతాయి, ఆడగొంతుకి వియోలా, మగగొంతుకి చెల్లో. టేపు ఎవరి కోసమూ ఆగదు. రైళ్ల గురించిన రచనలో ఆ మొండితనం తప్పనిపించదు.

స్వరకర్త మాక్స్ రిక్టర్ రచన 'స్లీప్' (2015) ఎనిమిది గంటలు దాటుతుంది, శ్రోతలు మంచాల మీద పడుకుని వింటారు. ఆ తీరిక నచ్చింది గానీ, వాద్యాల మధ్య సంభాషణ తక్కువే.

ఐస్‌లాండ్‌కి చెందిన సంగీతకారుడు ఓలవుర్ ఆర్నల్డ్స్ దారి వేరు. ఒకప్పుడు హార్డ్‌కోర్ (వేగంగా, హోరుగా సాగే రాక్) బ్యాండ్లలో డ్రమ్స్ వాయించిన ఆయన, 2018 నాటి ఆల్బమ్‌లో సాఫ్ట్‌వేర్ నడిపే రెండు పియానోలను వాడాడు. ఆయన ఒక స్వరం నొక్కితే అవి తాను ఊహించని స్వరాలు పలుకుతాయి, వాటికి మళ్లీ ఆయన జవాబివ్వాలి. యంత్రం వింటోందని అనలేను. వాయించేవాడికి మాత్రం వినక తప్పదు.

ఎదురు ప్రయాణం కూడా జరిగింది. ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఏఫెక్స్ ట్విన్ కంప్యూటర్ మీద చేసిన ట్రాకులను న్యూయార్క్ బృందం 'అలార్మ్ విల్ సౌండ్' మామూలు వాద్యాల మీద వాయించి 2005లో ఆల్బమ్‌గా తెచ్చింది. కోసి అతికించిన ఆ దరువులు మనిషి మణికట్టుని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వాటిని నిలబెట్టడానికి ముందు నిలబడి చేయి ఊపే కండక్టర్ కావాల్సి వచ్చింది. ఆ పని అలన్ పియర్సన్ చేశాడు.