ఒక్క చుక్కతో వెలిగొండ పూర్తి!

వెలిగొండ ప్రాజెక్టు పని ఏడాదిలో అయిపోయింది. మీకెవరూ చెప్పలేదా? ఒంగోలులో ఓ మీటింగు హాల్లో, గోడ మీద ఇంతింత అక్షరాలతో కనిపించింది. 1996: శంకుస్థాపన. 1997: సొరంగాల ప్రారంభం. మధ్యలో కాంట్రాక్టర్లు మారలేదు, ప్రభుత్వాలు మారలేదు, బోరింగ్ మిషను మొరాయించలేదు.

ఇంతటి ఘనకార్యం చేసింది ఇంజనీర్లు కాదు, నోట్స్‌ను స్లైడ్లుగా మార్చే సాఫ్ట్‌వేరు.

ఆ మీటింగు పెట్టిన ఆఫీసులో బీటెక్ చదివిన కాంట్రాక్టు కుర్రాడున్నాడు. పవర్‌పాయింట్ తెరిచి చేత్తో టైపు చేయడం అతనికి నామోషీ. నోట్‌ప్యాడ్‌లో రాస్తాడు, పాన్‌డాక్ అనే ఆ సాఫ్ట్‌వేరుకు ఒక కమాండ్ ఇస్తాడు, స్లైడ్లు వాటంతటవే రాలిపడతాయి. ఆ పాన్‌డాక్‌ను 2006లో మొదలెట్టిన జాన్ మెక్‌ఫార్లేన్ బర్క్‌లీలో తత్వశాస్త్రం ప్రొఫెసర్. అందుకేనేమో, కాలం ఒక మాయ అని అది మనకు రుజువు చేస్తుంది.

కుర్రాడు రాసింది తప్పేం కాదు. ఒక లైను "1996. శంకుస్థాపన". దాని కింద "2024. సొరంగాల ప్రారంభం". అయితే లైను మొదట్లో అంకె, దాని పక్కన చుక్క, ఆ పక్కన ఖాళీ కనిపిస్తే అది నంబర్లేసిన జాబితా అని, మామూలు నోట్స్‌లోనే గుర్తులతో జాబితాలు రాసే పద్ధతైన మార్క్‌డౌన్ ధర్మశాస్త్రం. పాన్‌డాక్ మొదటి అంకెను మాత్రం గౌరవిస్తుంది. తర్వాతి అంకెల్ని పట్టించుకోకుండా తనే వరసగా వేసుకుంటూ పోతుంది. 1996 తర్వాత వచ్చేది 1997 కాక మరేమిటి? జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేసిన అసలు మార్క్‌డౌన్ ఇంకా ఉదారం. మీరు ఏ అంకె వేసినా అది 1 నుంచే మొదలెడుతుంది. ఆ లెక్కన ప్రాజెక్టు శాతవాహనులే కట్టించి ఉంటారు.

విరుగుడు ఉంది. చుక్కకు ముందు వెనక్కి వాలిన గీత (\) ఒకటి పెట్టాలి. అప్పుడు సంవత్సరం సంవత్సరంగానే మిగులుతుంది. ఇది తెలియనివాడు జిల్లా చరిత్ర రాయడానికి అనర్హుడని ప్రభుత్వం వెంటనే జీవో ఇవ్వాలి.

ఖాళీల సంగతి ఇంతకన్నా పవిత్రమైనది. జాబితాకు ముందు ఒక ఖాళీ లైను వదలకపోతే, పాన్‌డాక్ మీ అంశాలన్నిటినీ పైనున్న పేరాలో కలిపి ముద్ద చేస్తుంది. అంశానికీ అంశానికీ మధ్య ఖాళీ వదిలారో, ఒక్కోటీ ఒక్కో పేరా అయి కూర్చుంటుంది. ఇక ఉప అంశాలు. మార్క్‌డౌన్ నియమాల్ని పక్కాగా రాసిపెట్టిన కామన్‌మార్క్ లెక్కలో, పై అంశం మాట ఎక్కడ మొదలైందో, ఉప అంశం ముందు పెట్టే అడ్డగీత కనీసం అక్కడిదాకా జరగాలి. తొమ్మిదో అంశం దాకా మూడు ఖాళీలు చాలు. పదోది రాగానే నంబరులో ఒక అంకె పెరుగుతుంది కాబట్టి నాలుగు కావాలి. మూడే పెట్టిన పాపానికి పదో అంశం పిల్లలన్నీ ఇంట్లోంచి బయటికొచ్చి, తండ్రి పక్కన సమానంగా నిలబడ్డాయి.

పదో అంశం తాగునీరు.

"పదో పాయింటు కింద ఏం లేదేంది అబ్బయా?" అన్నారు పెద్దాయన.

"ఉంది సార్. పక్కకి పోయింది."

"యాడికి పోయింది?"

"ఒక ఖాళీ తగ్గింది సార్."

బడ్జెట్‌లో ఖాళీయా, పోస్టుల్లో ఖాళీయా అని ఇద్దరు ముగ్గురు డైరీలు తెరిచారు. కుర్రాడు స్పేస్‌బార్ గురించి చెప్పబోయాడు. ఈలోగా వెనక వరసలోంచి ఒకాయన లేచి, చుక్క పెట్టిన అంశాలు ఒక్కొక్కటిగా ఎందుకు వస్తున్నాయని అడిగాడు. అది ఇంక్రిమెంటల్ సెట్టింగు సార్, ఒక్కో క్లిక్కుకు ఒక్కోటి వస్తుంది అన్నాడు కుర్రాడు. మరి మూడో స్లైడులో అన్నీ ఒకేసారి ఎందుకొచ్చాయి? అది కొటేషన్ గుర్తు కింద పెట్టాను సార్, అక్కడ సెట్టింగు తిరగబడుతుంది. "ఎవుర్ని కోట్ చేశావు?" అన్నారు పెద్దాయన. ఎవర్నీ చేయలేదు. హాలంతా అనుమానంగా చూసింది. ఇంతలో టీ వచ్చింది. టీ తర్వాత అసలు చర్చ మొదలైంది: చుక్క గుండ్రంగా ఉండాలా, బాణంలా ఉండాలా? నోట్స్‌లో మారిస్తే మారదు సార్, టెంప్లేట్ ఫైల్లో అన్ని స్లైడ్లకూ నమూనాగా ఉండే స్లైడ్ మాస్టర్ తెరిచి మార్చాలన్నాడు కుర్రాడు. "ఆ మాస్టర్ని కూడా మీటింగుకి పిలవాల్సింది," అన్నారొకరు.

నవ్వుకున్నారు కదా. ఇప్పుడు ఆ పక్కకి పోయిన ఉప అంశాలేమిటో చూడండి. ఒకటి, కనిగిరి వైపు ఫ్లోరైడు. పళ్లు గారపట్టి, ఎముకలు గట్టిపడి, నడుము ఎత్తలేని మనుషులు. ఇంకొకటి, ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టుకునే ఊళ్లు. అక్షరాలు పెట్టెలో పట్టకపోతే పవర్‌పాయింట్ వాటిని కుదిస్తుంది కదా, హాల్లో ముందు వరసకు కూడా కనపడనంత చిన్నగా అయ్యాయి. ఒక్కరంటే ఒక్కరు పెద్దవి చేయమనలేదు. చుక్క ఆకారం మీద నోళ్లు పడిపోయేలా మాట్లాడినవాళ్లకు ఫ్లోరైడు దగ్గర మాట రాలేదు. సిగ్గుండాలి!

శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను నల్లమల కింద సొరంగాల్లో తెచ్చి, నల్లమల సాగర్‌లో 43.5 టీఎంసీలు నిలిపి, ప్రకాశం, నెల్లూరు, కడప మెట్ట ప్రాంతాల్లో 4.47 లక్షల ఎకరాలకు ఇస్తామన్నారు. జంట సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు. అప్పటికి ముంపు ఊళ్ల వాళ్ల పునరావాసమే తేలలేదు. 1996లో పుట్టిన పిల్లకు పెళ్లై పిల్లలు పుట్టారు. ఈ ఇరవై ఎనిమిదేళ్లు గోడ మీద ఒక్క ఏడాదిగా కనిపించాయి. సాఫ్ట్‌వేరును తిట్టి లాభం లేదు, దానికి చుక్క ఒక్కటే తెలుసు. ఆ జిల్లాలోనే పుట్టి, ఆ నీళ్లే తాగి పెరిగి, 1997 అని కళ్లారా చూసి, "ఇది తప్పు" అని ఎవరూ అనలేదే!

సాయంత్రానికి మినిట్స్ వచ్చాయి. తీర్మానం ఒకటే: ఇకపై అన్ని స్లైడ్లలోనూ చుక్కలకు బదులు బాణం గుర్తులు వాడవలెను. తాగునీటి అంశం వచ్చే మీటింగుకు వాయిదా.