ఎడమ జబ్బ మీది పట్వారీకి ఒక ఉత్తరం

మహారాజశ్రీ గ్లూకోజ్ సెన్సర్ గారికి, హన్మకొండ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల టీచర్ నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం, మీరు కూడా అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం పద్ధతి. కానీ నేను క్షేమమో కాదో, నా షుగర్ ఎంతో పగలూ రాత్రీ కొలిచి రాసుకునేది మీరే, మీరుండే ‘అక్కడ’ కూడా నా ఎడమ జబ్బ వెనకే, కాబట్టి ఆ వాక్యం మీకే వదిలేస్తున్నా. మర్యాద కూడా ఇక్కడితో ఆపేస్తా. ఒకే జాకెట్టు చేతిలో ఇరుక్కుని కాపురం చేస్తున్నవాళ్ళ మధ్య గారూ బూరూ ఏంటి.

నిన్ను పట్వారీ అని ఎందుకు అంటున్నానో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. మా ఊళ్ళో భూమి దున్నేది ఎవరైనా సరే, పహాణీ అనే భూమి లెక్కల పుస్తకంలో పట్వారీ రాసిందే రాత. ఎదురు అడగడానికి లేదు. ఎనభైల్లో ఎన్టీఆర్ పటేల్, పట్వారీ వ్యవస్థను తీసేసినప్పుడు మా నాయిన పీడ విరగడైంది అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు. ఎక్కడ విరగడైంది నాయినా, నలభై ఏళ్ళకు బిడ్డ జబ్బకే అతుక్కుంది. వాడు భూమికే పహాణీ రాశాడు, వీడు నెత్తురుకు రాస్తున్నాడు.

నాయిన ఆజంజాహి మిల్లులో పని చేసేవాడు, ఆయనకూ షుగరే. అప్పట్లో పొద్దున్నే ఒక గాజు గొట్టంలో, చక్కెర తగిలితే రంగు మారే బెనెడిక్ట్ ద్రావణం పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచేవాడు. నీలంగానే ఉంటే ఇంట్లో పండగ. ఆకుపచ్చ అయితే ఏదో ఒకటి సర్దుకునేవాడు, పసుపు అయితే మౌనం, ఇటుక రంగు వచ్చిందంటే ఆ పూట అవ్వ వంటను తిట్టేవాడు. ఐదు రంగులతో ఒక మనిషి బతుకంతా వెళ్ళిపోయింది. ఆయన కూతురికి మాత్రం అంకె కావాలి, పక్కన అది ఎక్కుతోందో దిగుతోందో చెప్పే బాణం కూడా కావాలి.

నీ వంశం మొదటివాడు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. హైదరాబాద్ నుంచి మా పిల్లగాడు ఆదివారం పొద్దున వచ్చి, జబ్బ వెనక స్పిరిట్ దూదితో తుడిచి, బాగా ఆరనిచ్చి, ఒక తెల్ల డబ్బాను ఆనించి టప్ మని నొక్కాడు. నేను కళ్ళు మూసుకుని భద్రకాళి అమ్మవారిని తలుచుకునేలోపే అయిపోయింది. సూది వెనక్కి వెళ్ళిపోయిందట, అర సెంటీమీటరు పొడవు వెంట్రుకలాంటి తీగ మాత్రం చర్మం కింద ఉండిపోయిందట. "ఇగ గంట ఆగాలె అమ్మా, అప్పటిదాంక ఏం చూపించది" అన్నాడు. ఏం చూపించదా! అంటే పట్వారీ ఇంకా చార్జి తీసుకోలేదన్నమాట. నేను వంటింట్లోకి పోయి రెండు సకినాలు తిని, చక్కెర వేసిన చాయ అర కప్పు తాగి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నా. గంట తిరిగేసరికి 231, పక్కన బాణం నిలువుగా పైకి. నువ్వు రాయడం మొదలుపెట్టక ముందు తిన్నది నువ్వు రాయడం మొదలుపెట్టాక ఎక్కుతుందని ముప్పై ఏళ్ళు పిల్లలకు కాలం, దూరం లెక్కలు చెప్పినదానికి తట్టకపోవడం సిగ్గుచేటే.

వెంటనే నీమీద నేరం మోపాను, మెషీన్ పాడు అని. వేలు గుచ్చి పాత మీటర్‌లో చూస్తే 248. చూశావా, తేడా ఉంది, అబద్ధాలకోరు అన్నాను. పిల్లగాడు ఓపిగ్గా చెప్పాడు, నువ్వు చూసేది నెత్తురు కాదట, కణాల మధ్య ఉండే నీరట, నెత్తురులో చక్కెర మారిన ఐదు నుంచి పదిహేను నిమిషాలకు గానీ అక్కడ మారదట. పైగా మొదటి రోజు నీ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయట. ఇది మాకు కొత్తేం కాదు. కాకతీయులు తవ్వించిన పాకాల చెరువు కింద ఊళ్ళవాళ్ళను అడుగు, చెరువు నిండిన పూటే బావిలో ఊట రాదు, కొంచెం వెనకాల వస్తుంది. నువ్వు బావిలో తాడు వేసి కొలుస్తున్నావు, నేను చెరువు గట్టు మీద నిలబడి నిన్ను తిడుతున్నా. చెరువు నెమ్మదిగా ఉన్నప్పుడు రెండూ దాదాపు ఒకటే, వరద వచ్చినప్పుడే తేడా.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తా.

రుచి చూడడం తినడం కాదు. ఇది మా ఇంటి రాజ్యాంగం. పప్పులో ఉప్పు సరిపోయిందా, పాయసంలో తీపి ఆనిందా, సర్వపిండి లోపల కాలిందా అని వండే మనిషి చూడకపోతే ఎవరు చూస్తారు? మనవరాలు సగం వదిలేసిన అరటిపండు పారేస్తామా, పాపం తగలదా? ఇవన్నీ నేను ఏనాడూ లెక్కలో వేయలేదు. డాక్టరమ్మ ఏం తిన్నారు అని అడిగితే పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, రాత్రి ఉప్మా అని చెప్పేదాన్ని, అదంతా నిజమే. నువ్వొచ్చి పదకొండున్నరకు ఒక గుట్ట, నాలుగింటికి ఒక గుట్ట గీసి పెట్టావు. భోజనం టైములే కావవి. ఖిలా వరంగల్ గోడలా ఎగుడుదిగుడుగా ఉన్న ఆ గీతను చూసి మావారు "గీ నడుమల ఏం తిన్నవే?" అని అడిగితే ఏమని చెప్పాలి, రుచి అనా?

ఉప్మా విషయంలో మాత్రం నిన్ను క్షమించలేను. ఐదేళ్ళు రాత్రిపూట అన్నం మానేసి బొంబాయి రవ్వ ఉప్మా తిన్నాను, త్యాగం అనుకుంటూ, నలుగురికీ చెప్పుకుంటూ. నువ్వు చూపించింది 238. అదే ఆదివారం ఒక జొన్నరొట్టెతో యాటకూర తింటే 164 దగ్గరే ఆగింది. ఇంటిల్లిపాదీ ఇన్నేళ్ళూ నేరస్థురాలిలా చూసిన కూర నిర్దోషి, గుడిలో ప్రసాదంలా కళ్ళకద్దుకుని తిన్న ఉప్మా దొంగ! నేను పండగ చేసుకుంటుంటే మూడు గంటల తర్వాత నెమ్మదిగా ఇంకో మెట్టు ఎక్కించావు, కొవ్వు ఎక్కువైతే అలా ఆలస్యంగా ఎక్కుతుందని డాక్టరమ్మ చెప్పింది. సరే, పూర్తి నిర్దోషి కాదు, బెయిల్ మీద ఉంది అనుకుందాం. ముందు కూర తిని తర్వాత అన్నం తింటే గుట్ట చిన్నదవడం, తిన్నాక భద్రకాళి బండ్ మీద ఇరవై నిమిషాలు నడిస్తే ఇంకా అణగడం కూడా చూపించావు, అది నీ పుణ్యమే, ఒప్పుకుంటా. నడవమని పదేళ్ళు అందరూ చెప్పారు, గీత వంగడం కళ్ళతో చూస్తే గానీ కాలు కదల్లేదు.

కానీ పహాణీ నా ఒక్కదాని దగ్గరే ఉంటే బాగుండేది. మా పిల్లగాడు తన ఫోన్‌కు కూడా కలుపుకున్నాడు. పక్కింటివాళ్ళు మేడారం పోయొచ్చి ప్రసాదం పంచారు. మా వైపు సమ్మక్క సారలమ్మల దగ్గర బెల్లాన్ని బంగారం అంటారని నీకు తెలుసో తెలియదో. ఇంత ముక్క నోట్లో వేసుకున్నా. ఇరవై నిమిషాలకు కొండాపూర్ నుంచి ఫోన్. "అమ్మా, 212 ఉన్నది, ఏం తిన్నవ్?" బంగారం రా అన్నా. ఎంత అన్నాడు. తులాల్లో చెప్పాల్నా, గ్రాముల్లో చెప్పాల్నా అని అడిగా. ఫోన్ పెట్టేశాడు. ఐదు నిమిషాలకు కోడలు చేసింది, ఆమె ఊరికే బాగోగులు అడగడానికి చేసిందట!

నీ తాత ముత్తాతల చరిత్ర చదివా. 1999లో అమెరికాలో అనుమతి వచ్చిన మొట్టమొదటి సెన్సర్ మూడు రోజులు లోపల్లోపల రాసుకుని, తర్వాత డాక్టరుకే చూపించేదట, వేసుకున్న మనిషికి కూడా అప్పటికప్పుడు చూపించేది కాదట. ఎంత గుట్టు! ఇప్పుడేమో మా వదిన కూడా ఫోన్ తీసి చూసి కాకరకాయ రసం తాగమంటుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అనే కేంద్ర వైద్య పరిశోధన సంస్థ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, ఇంకో 13 కోట్లకు పైగా గడప మీద నిలబడి ఉన్నారని తేల్చింది. ఆ గడప మీదివాళ్ళలో సగం మంది మా హాల్లో కూర్చుని నాకు సలహాలు ఇస్తున్నట్టే ఉంటుంది, ఒక్కరూ వేలు గుచ్చుకున్న పాపాన పోలేదు.

రాత్రుల సంగతి చెప్తా. మొదటి వారంలో ఒకరోజు రెండున్నరకు నువ్వు కుయ్యో మొర్రో అని అరిచావు, 58 అని. మావారు లేచి, లైటేసి, కంగారులో నా నోట్లో చక్కెర పోశారు, నిద్రలో సగం దిండు మీద, సగం గొంతులో. తర్వాత వేలు గుచ్చితే అసలు 131. నేను ఎడమ పక్కకు తిరిగి నీమీదే పడుకున్నాను, ఒత్తిడికి నువ్వు దొంగలెక్క చెప్పావు, అంతే. చక్కెరేమో నిజమైనది కదా, పొద్దున దాకా 200 పైనే. అప్పటినుంచి నువ్వు అరిస్తే మావారి మంత్రం ఒకటే, "పక్క మారు".

పది రోజులకు మళ్ళీ అరిచావు. మూడింటికి, 61. "పక్క మారు" అన్నారాయన కళ్ళు తెరవకుండా. నేను కుడి పక్కకే ఉన్నాను. ఒళ్ళంతా చెమట, జాకెట్టు వీపుకు అతుక్కుపోయి ఉంది, ఎండాకాలం కదా అనుకుని ఫ్యాన్ పెంచబోయి, ఎందుకో ఆగి వేలు గుచ్చా. 56. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలు గడియారం చూస్తూ కూర్చుని, మళ్ళీ గుచ్చితే 84. ఆ చెమటలు నాకు కొత్త కాదు. నాలుగేళ్ళుగా వస్తున్నాయి. ఓరుగల్లు ఎండల మీద ఒకసారి, వయసు మీద ఒకసారి, కరెంటు పోవడం మీద ఒకసారి నెట్టేశాను. రాత్రి ఇన్సులిన్ తీసుకుంటున్న మనిషి తెల్లవారుజామున ఎందుకు తడుస్తుందో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అడగరు ఎందుకంటే నా హెచ్‌బీఏ1సీ 7.1. మూడు నెలల సగటు అది, బాగుంది అన్నారు అందరూ. ఈ సగటు అనేదాన్ని నేను క్లాసులో వెయ్యిసార్లు చెప్పాను. ఒకడికి 95 వచ్చి, ఒకడికి 5 వస్తే క్లాసు సగటు 50, అంతమాత్రాన ఆ ఐదు వచ్చినవాడు పాసైనట్టు కాదు. పగలు 240, రాత్రి 56, సగటు చక్కగా ఉంది, నేను ఆ ఐదు మార్కులవాడిలా వెనక బెంచీలో చెమటలు పట్టి కూర్చున్నా. నీ రిపోర్టు చూస్తే 70 నుంచి 180 మధ్య ఉన్న సమయం 54 శాతం, పైన 37, కింద 9. కింద 9 శాతం అంటే రోజుకు రెండు గంటలకు పైగా. మధ్యలో 70 శాతం, అంటే దాదాపు 17 గంటలు ఉండాలట, 70 కిందకు 4 శాతం దాటకూడదట. 35 వస్తే పాస్ అని ముప్పై ఏళ్ళు కార్డుల మీద సంతకం పెట్టినదాన్ని, నా కార్డు చూసుకుని నోరు మూసుకున్నా. డాక్టరమ్మ ఆ గీతను చాలాసేపు చూసి రాత్రి డోసు తగ్గించింది. అప్పటినుంచి ఫ్యాన్ మూడు మీదే ఉంటుంది.

అందుకే నిన్ను పీకి పారేయలేకపోతున్నా. లేకపోతే ఏ రోజో చెత్తబుట్టలో ఉండేవాడివి. పద్నాలుగు రోజులకు ఐదు వేలకు దగ్గర పడుతుంది నీ జీతం, రిటైరైన టీచరమ్మకు అదేమైనా చిన్న మాటా, అందుకే నిన్ను నెలకు ఒక్కసారే పిలుస్తున్నా. నీ ముందు వాడైతే తొమ్మిదో రోజే పోయాడు, నర్సంపేట బస్సు ఎక్కుతూ తోపులాటలో తలుపు రాడ్‌కు తగిలి. బస్సంతా ఆడవాళ్ళమే, సీటు దొరికిందన్న సంతోషంలో సెన్సర్ ఊడిన సంగతి గిర్నిబావి దాటాక గానీ చూసుకోలేదు. కూర్చోవడానికి జాగా, ఐదు రోజుల డబ్బు నష్టం, ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పిల్లగాడితో మాత్రం ఒప్పందం చేసుకున్నా. తక్కువైనప్పుడు మోగే అలారం వాడి ఫోన్‌లో ఉంచుకోవచ్చు, అర్ధరాత్రి అయినా సరే ఫోన్ చేయొచ్చు. ఎక్కువైనప్పటి అలారం తీసేయాలి, ఎక్కువ సంగతి నాకూ డాక్టరమ్మకూ మధ్య. వాడు గునిశాడు గానీ తీసేశాడు. వదినకు ఫోన్ చూపించడం మానేశా. మావారికి ఒక సెన్సర్ తెప్పిస్తా, పద్నాలుగు రోజులు ఊరికే చూద్దాం అన్నా. "నాకేమైంది, నేను మంచిగనే ఉన్న" అని అప్పటినుంచి నా గీత గురించి మాట్లాడడం లేదు.

ఎల్లుండితో నీ గడువు తీరుతుంది. వచ్చేసారి కుడి జబ్బకు పెట్టిస్తా, దర్జీకి కుడి చెయ్యి అర ఇంచు వదులు చేయమని చెప్పి వచ్చా.

ఇట్లు,
నీ ఎడమ చెయ్యి గలామె
ప్రస్తుతం 143, బాణం అడ్డంగా.

తా.క. ఉత్తరం మడుస్తూ చూస్తే 171, బాణం ఏటవాలుగా పైకి. పొయ్యి మీద సేమియా పాయసం ఉంది. తీపి సరిపోయిందో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా.