పెట్టె మీది పెద్ద అంకె గారికి

మహారాజశ్రీ 19200 డీపీఐ గారికి,

తిరుపతి నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

స్కానర్ పెట్టె మీద, అంగుళానికి ఇన్ని చుక్కలు (డీపీఐ) అంటూ, కంపెనీ పేరు కన్నా లావుగా తమరే వెలిగిపోతుంటారు. పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇంటర్‌పొలేటెడ్’ అని ఉంటుంది. అంటే సెన్సర్ చూసింది కొంత, మిగతాది సాఫ్ట్‌వేర్ పక్క చుక్కల్ని బట్టి ఊహించి నింపింది. చెంబుడు మజ్జిగలో నీళ్లు పోసి బిందెడు మజ్జిగ అనడమే కదా స్వామీ! ‘ఆప్టికల్ ఎంత, అంటే సెన్సర్ నిజంగా చూసేదెంత?’ అని అడగ్గానే తమరు 2400కో 4800కో దిగుతారు. 2400×4800 అని రెండంకెలుంటే చిన్నదే సెన్సర్‌ది. పెద్దది మోటారు వేసే అడుగుల లెక్క.

ఆ 2400 అయినా ఎవరికి? ఏ4 కాగితం రంగుల్లో 300 దగ్గర తీస్తే 2480×3508 చుక్కలు, కుదించకముందు సుమారు 26 ఎంబీ. 1200 పెడితే పదహారింతలు. లోపలి కడ్డీ సర్వదర్శనం క్యూలాగా జరుగుతుంది. ఇంతా చేస్తే దరఖాస్తు సైటు అడిగేది కేబీల్లో. కాగితాలకు 300, పాత ఫొటోలకు 600 చాలు. నెగెటివ్‌కు 2400 నిజంగానే కావాలి, కానీ మూతలోనూ లైటుండాలి. లేకపోతే తమరెంత పెరిగినా నల్లటి పట్టీయే.

తమరి వెలుగులో అసలు అడగాల్సినవి మరుగున పడుతున్నాయి. చిత్తూరు వైపు రైతు తెచ్చే పొలం దస్తావేజు లీగల్ సైజైతే 14 అంగుళాలు. ఏ4 స్కానర్ అద్దం 11.7. కింది సంతకాలు, వేలిముద్రలు బయటే! రెండు ముక్కలుగా తీసి అతికించాలి, లేదా లీగల్ మింగే ఏడీఎఫ్ (కాగితాల్ని తనంతట తానే లోపలికి లాక్కునే అర) ఉన్నది కొనాలి. అందులోనూ మడతల దగ్గర చిరిగిన పాత స్టాంపు కాగితం పెట్టారో, రోలర్లు నమిలేస్తాయి. ఏడీఎఫ్‌లో ప్రతి పేజీకీ ఒకేచోట నిలువు గీత వస్తోందా? మెషీన్ పోలేదు. పెద్ద అద్దం పక్కనున్న సన్నటి గాజు పట్టీ మీద వైట్‌నర్ చుక్క ఎండిపోయుంటుంది. మెత్తటి గుడ్డ కాస్త తడిపి తుడవాలి. నీళ్లు నేరుగా గాజు మీద చల్లకూడదు.

యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే పలచటి స్కానర్లలో ఉండేది సీఐఎస్ రకం సెన్సర్. అద్దానికి ఆనుకున్నదే దానికి కనబడుతుంది, లావు పుస్తకం కుట్టు దగ్గర అక్షరాలు మసకే. సీసీడీ అనే రెండో రకానిది లావు ఒళ్లు, అడాప్టర్ వేరే. అయినా కాగితం కాస్త లేచినా చదువుతుంది. ఈ సంగతి తమరి పక్కన ఎక్కడైనా అచ్చేశారా?

ఇక క్యాలెండరులోని స్వామివారిని స్కాన్ చేస్తే ముఖమంతా అలలు. అచ్చు చుక్కలకూ సెన్సర్ చుక్కలకూ పేచీ అది. ‘డీస్క్రీన్’ టిక్ పెడితే సర్దుకుంటుంది.

ఇట్లు,
300తో బతికేస్తున్న మీ విధేయులు

తా.క.: సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిన తమరి తాతగారికి, అంటే పాత స్కానర్‌కు, 32 బిట్ డ్రైవరే (కంప్యూటర్‌తో దాన్ని కలిపే సాఫ్ట్‌వేర్) ఉందట. 64 బిట్ విండోస్‌లో అది ఎక్కదు. డబ్బులిచ్చే ముందే కంపెనీ సైటులో చూసుకోమని తమరే ఒక మాట చెప్పకూడదూ?