పేరు కనబడగానే పరీక్ష అయిపోదు

జావాస్క్రిప్ట్ లైబ్రరీలు రాసేవారికి ఒక విన్నపం. ‘అన్ని రన్‌టైమ్‌లలోనూ (కోడ్‌ను నడిపే బ్రౌజర్, నోడ్ వంటి వేదికలన్నిటిలోనూ) పనిచేస్తుంది’ అని రీడ్‌మీలో రాసే ముందు, మీరు వాడిన గ్లోబల్స్, అంటే దిగుమతి చేసుకోకుండానే ఎక్కడైనా దొరికే పేర్లు, ఒక్కొక్కటీ ఎక్కడ ఎలా ప్రవర్తిస్తుందో నడిపి చూడండి. విలువ రకాన్ని చెప్పే టైపాఫ్‌తో ఉందో లేదో చూసి ఊరుకుంటే అది పరీక్ష కాదు.

నెట్‌వర్క్ నుంచి డేటా తెచ్చే ఫెచ్ సంగతే తీసుకోండి. 2022లో వచ్చిన నోడ్ 18 నుంచి అది ఏ ఫ్లాగూ లేకుండానే దొరుకుతోంది. బ్రౌజర్‌లో స్లాష్‌తో మొదలయ్యే చిరునామా ఇస్తే, పేజీ చిరునామాను బట్టి పూర్తి యూఆర్‌ఎల్ తయారవుతుంది. నోడ్‌లో అసలు పేజీయే లేదు కాబట్టి అదే లైను చెల్లని యూఆర్‌ఎల్ అంటూ ఎర్రర్ ఇస్తుంది. టైపాఫ్ మాత్రం రెండుచోట్లా ‘ఫంక్షన్’ అనే చెబుతుంది! కొంతసేపు ఆగి కోడ్‌ను నడిపించే సెట్‌టైమవుట్ మరీ పాతది, అందుకే దాన్నెవరూ అనుమానించరు. అది బ్రౌజర్‌లో అంకెను, నోడ్‌లో ఒక ఆబ్జెక్ట్‌ను తిరిగి ఇస్తుంది. ఆ విలువను జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చబోతే బ్రౌజర్‌లో నిక్షేపంగా సాగుతుంది, నోడ్‌లో సర్క్యులర్ స్ట్రక్చర్ (తనను తానే సూచించుకునే నిర్మాణం) ఎర్రర్‌తో ఆగిపోతుంది.

ఇంతకన్నా కోపం తెప్పించేది గ్లోబల్ పేరును బట్టి రన్‌టైమ్‌ను ఊహించడం. బ్రౌజర్ పేజీలో ఉండే విండో అనే గ్లోబల్ లేకపోతే నోడే అట! బ్రౌజర్‌లోనే పేజీ వెనక నడిచే వెబ్ వర్కర్‌లోనూ విండో ఉండదు. మరో రన్‌టైమ్ అయిన డెనోలో ఒకప్పుడు ఉండేది, 2024లో డెనో 2 దాన్ని తీసేసింది. నావిగేటర్ ఉంటే బ్రౌజరే అనుకున్నవారి లెక్క 2023లో నోడ్ 21తో తప్పింది. గ్లోబల్స్‌ను అన్నిచోట్లా ఒకే పేరుతో అందుకోవడానికి జావాస్క్రిప్ట్ ప్రమాణాల కమిటీ మొదట ‘గ్లోబల్’ అనే పేరే పెట్టాలనుకుంది. అప్పటికే నడుస్తున్న సైట్లు దానివల్ల దెబ్బతింటాయని తేలి, చివరికి జావాస్క్రిప్ట్ 2020 ప్రమాణమైన ఈఎస్2020లో ‘గ్లోబల్‌దిస్’తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

టెస్టులు నడిపే జెస్ట్‌లో, బ్రౌజర్‌ను అనుకరించే జేఎస్‌డామ్ వాడినవారికి, విలువను పూర్తిగా నకలు చేసే స్ట్రక్చర్డ్‌క్లోన్ దొరకలేదన్న ఎర్రర్ తెలిసే ఉంటుంది. బయట నోడ్‌లో అది ఉంది, బ్రౌజర్లలోనూ ఉంది, మధ్యలో ఈ నకిలీ బ్రౌజర్‌లో లేదు. వెంటనే లేనిదాన్ని భర్తీ చేసే కోడ్, అంటే ఒక పాలీఫిల్ తెచ్చి అతికిస్తారు. ఆ క్షణం నుంచి టెస్టు పరీక్షించేది పాలీఫిల్‌నే.

టెస్టులను ఆటోమేటిక్‌గా నడిపే సీఐ ఖర్చు పెరుగుతుందన్న వాదన నాకు తెలుసు. టెస్టులన్నీ అన్నిచోట్లా నడపమనడం లేదు. గ్లోబల్స్‌ను తాకే కొద్దిపాటి టెస్టులను విడదీసి, అసలైన క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, నోడ్, డెనో, బన్‌లలో నడపండి. ప్రమాణాల సంస్థ ఎక్మాలోని టీసీ55 కమిటీ ఉమ్మడి ఏపీఐల జాబితాను తయారుచేస్తోంది, ఏవి పరీక్షించాలో అక్కడి నుంచే ఎంచుకోవచ్చు. ఏ వెర్షన్లలో నడిపి చూశారో రీడ్‌మీలో రాయండి. బన్‌లో నడపలేదా, బన్ పేరు తీసేయండి.