ఫ్రిజ్ తలుపులోని సగం సీసా గారికి

పర్లాకిమిడి.

మహారాజశ్రీ యాంటీబయాటిక్ సిరప్ గారికి,

నిమ్మకాయ ఊరగాయ పక్కన చల్లగా ఉన్నారని తలుస్తాను.

పోయిన దీపావళికి మా పెద్దాడి గొంతునొప్పి కోసం వచ్చారు. పది రోజులు పట్టించమన్నారు డాక్టరు. మూడో రోజున జ్వరం తగ్గగానే మా అత్తగారు చీటీ పారేసి, మిమ్మల్ని దాచారు.

అప్పట్నుంచి ఇంటికి మీరే వైద్యులు. చిన్నదానికి ముక్కు కారినా, దగ్గొచ్చినా, గొంతు బొంగురుపోయినా మీ మూతే తిప్పాలి. పక్కింటి మావుసి (ఒడియా పిన్నిగారు) చెంచా పట్టుకుని మరీ వస్తుంది. మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలో మా ఆడపడుచు ఇంటికీ వెళ్లొచ్చారు. ఎవరికీ అర చెంచాకు మించి పోయరు కనుక ఇంకా అడుగంటలేదు.

ఎంత హస్తవాసి అండీ మీది! పిల్లల గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటిని మీరు ఏమీ చేయలేరు, దాదాపు వారంలో అవే పోతాయి. ఆ వారంలో ఏదో ఒక పూట మీరు గొంతులో పడతారు, పేరు మీకొస్తుంది. పిల్లకి కాస్త హాయినిచ్చిన గోరువెచ్చని నీళ్లనీ, బరువు చూసి వేసిన పారాసిటమాల్‌నీ ఎవరూ తలుచుకోరు. తేనె సంగతీ అంతే (ఏడాది నిండని పిల్లలకు అది పెట్టకూడదు లెండి).

మీకు నిజంగా పని ఉన్నది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా దగ్గర. దానివల్ల వచ్చే గొంతునొప్పి ఎక్కువగా ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో వస్తుంది. సాధారణంగా దగ్గూ జలుబూ ఉండవు. ఉన్నట్టుండి జ్వరం, మింగలేనంత నొప్పి, మెడలో బిళ్లలు, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు. ఖాయంగా తెలియాలంటే గొంతులోంచి దూదిపుల్లతో నమూనా (స్వాబ్) తీసి పరీక్షించాలి. వదిలేస్తే కొందరికి రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడవుతాయి. ఆ పది రోజుల లెక్క అందుకే. సరిగ్గా ఆ పనిలోంచే మిమ్మల్ని మూడో రోజున రిటైర్ చేశారు.

పొడిలో నీళ్లు కలిపాక మీ ఆయుష్షు ఒకటి రెండు వారాలే, మీ ఒంటి మీదే రాసుంది. మీరేమో సంక్రాంతి, ఉగాది దాటి రథయాత్ర కూడా చూసేశారు.

నా టెన్షన్ ఒక్కటే. రేపు ఏ పిల్లయినా చొంగ మింగలేక, ఊపిరాడక అవస్థ పడుతుంటే ఆటో పిలవకుండా మిమ్మల్నే పిలుస్తారేమోనని.

ఇట్లు,
మోతాదు బరువును బట్టి ఉంటుందన్నందుకు “నువ్వేమైనా డాక్టరువా?” అనిపించుకున్న
ఈ ఇంటి కోడలు